పొద్దున పలకని ప్రింటరు

నవంబర్ 3, సోమవారం

ఇవాళ మా వనిత షాపుకు ప్రింటరు వచ్చింది. నా సంతోషం ఇంత అని రాయలేను. ఏడో తరగతి దాకా చదివినవాణ్ని, నాకు తెలిసిన మాటలన్నీ కుప్ప పోసినా చాలవు. కోరుట్ల బస్టాండు పక్క సందులో, షట్టరు మీద ‘వనిత ఆన్‌లైన్ సెంటర్’ అని ఎర్ర అక్షరాలు. ఆ అక్షరాల కింద కుర్చీ వేసుకుని కూర్చుని, దారిన పోయే ప్రతి మనిషికీ ఇది నా బిడ్డ షాపు అని చెప్పాను. తెలిసినవాళ్లకు రెండుసార్లు చెప్పాను.

నా బిడ్డ బడికి పోయే వయసు నుంచి బీడీల చాట ఒళ్లో పెట్టుకుని పెరిగింది. పెళ్లయినా చాట వదల్లేదు, పిల్ల పుట్టినా వదల్లేదు. ఆకు కత్తిరిస్తూనే డిగ్రీ చదివింది, జగిత్యాల పోయి కంప్యూటరు నేర్చుకుంది. ఇప్పుడు కుర్చీలో కూర్చుంటున్నది. వేళ్లకు పొగాకు వాసన లేదు. ఇది రాస్తుంటే నాకు అక్షరాలు మసకగా కనబడుతున్నాయి.

కోపం ఎవరి మీదంటే ఆటోవాడి మీద. జగిత్యాల నుంచి దారంతా ప్రింటరును గుంతల్లో ఎగరేస్తూ తెచ్చాడు. “మెల్లగ పోనియ్యరాదురా” అంటే, “తాతా, గది ప్రింటరే, బాలింత గాదు” అన్నాడు. వాడు పోయి చాలాసేపైనా నా ఒళ్లు మండుతూనే ఉంది.

మా ఇంటిది కనకవ్వ ఒక మాట అన్నది. “షాపు షాపని ఎగురుతున్నరు గని, చాటను మాత్రం అటకెక్కియ్యకుండ్రి. మల్ల దించుడెందుకు.” జవాబు చెప్పదగిన మాట కాదు అది.

నవంబర్ 4, మంగళవారం

ఈ ప్రింటరుకూ కంప్యూటరుకూ నడుమ వైరు ఉండదట. ఇంటర్నెట్ డబ్బాకు కట్టేస్తే, షాపులో ఉన్న మూడు కంప్యూటర్లూ ఆ డబ్బాలోంచే దాన్ని పిలుస్తాయట. ఉపాయం మంచిదే. కానీ ఆ కంప్యూటర్లు జగిత్యాలలో మూతపడిన ఒక కాలేజీవి, ముసలివి. విండోస్‌ను మొయ్యలేవని వనిత వాటిలో లినక్స్ అనేది వేసింది. దానికి గుర్తు బాతులాంటి ఒక పక్షి.

వనిత ఒక్క కాగితం పంపింది. ప్రింటరు ఒక్కటి ఇవ్వలేదు, కట్టకు కట్ట కక్కింది. ఒక్కొక్క కాగితం నెత్తి మీద ఒక్క వరుస పిచ్చి గీతలు, కింద అంతా తెలుపు. ఆపమంటే ఆగదు. చివరికి నేనే ప్లగ్గు పీకాను. అది మనిషై ఉంటే ఇవాళ నా చేతిలో దెబ్బలు తినేది.

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అరవింద్‌ను పిలిపించాను. వచ్చి, బాతును చూసి, నవ్వాడు.

“అక్కా, గీ లినక్స్‌ల ప్రింటర్ నడువది. విండోస్ ఏపిచ్చుకో, గంటల జేసిస్త.”

“గీ కంప్యూటర్లు విండోస్‌ను మొయ్యయి తమ్మీ” అన్నది వనిత.

“అయితే కంప్యూటర్లు మార్చు.”

“అన్ని కొత్తయి కొనేటోళ్లమైతే నిన్నెందుకు పిలుస్తంరా?” అన్నాను.

“పెద్దగౌడ్ మస్తు గరం మీదున్నడు” అని నన్ను చూసి మళ్లీ నవ్వాడు. పోయేటప్పుడు పిచ్చి గీతల కాగితం ఒకటి మడిచి జేబులో పెట్టుకున్నాడు. సందులో మాకు ఎదురుగా ఇంకో ఆన్‌లైన్ సెంటరు ఉంది, ఆ ఎదురు సెంటరువాడికి చూపించడానికి. అక్కడ ఇద్దరూ నవ్వుకోవడం నా కుర్చీలోంచి కనబడింది.

నవంబర్ 6, గురువారం

పలికింది. నా బిడ్డ చేతిలో ప్రింటరు పలికింది.

జగిత్యాలలో వనితకు కంప్యూటరు నేర్పిన సృజన మేడం ఫోనులో చెప్పింది. మనం పంపేది ప్రింటరు చదువుకోలేకపోతున్నది, దానికి అర్థమయ్యేటట్టు మార్చి చెప్పే డ్రైవర్ ఒకటి ఉంటుంది, మనం వేసింది ఇంకో ప్రింటరుది అన్నది. వనిత నిన్నంతా దాన్ని వెతుక్కుంది. నేను పక్కన కూర్చుని దొరికిందా దొరికిందా అని అడుగుతూ సాయం చేశాను. ఇవాళ అసలుది దొరికింది. పరీక్షకని తీసిన మొదటి కాగితం బయటికి వచ్చింది, చుట్టూ గీత, నడుమ అక్షరాలు, ఎంత నల్లగా, ఎంత నున్నగా. వేడిగా ఉంది. చెంపకు ఆనించుకున్నాను. అరవింద్ నడవదు అన్నాడు కదా. ఆ కాగితం తీసుకుని అతని దుకాణం ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. ఏమీ అనలేదు. చేతిలో పట్టుకుని నడిచాను, అంతే.

పొద్దుగూకక ముందే వనిత పిల్ల కోసం ఇంటికి పోయింది. షాపు మూసే పని, పొద్దున వనిత కన్నా ముందు పోయి తెరిచే పని నావి. అడగకముందే నేనే తీసుకున్నాను. ఊడ్చి, ఇన్వర్టరు ఆపి, మెయిన్ దించి, షట్టరు గుంజి, తాళం లాగి చూసి వచ్చాను.

నవంబర్ 7, శుక్రవారం

పొద్దున ప్రింటరు పలకలేదు. ఈ కోపంలో ఇంకేమీ రాయలేను.

నవంబర్ 8, శనివారం

మళ్లీ అదే. సాయంత్రం దాకా బ్రహ్మాండంగా నడిచింది, పొద్దున షట్టరు లేపేసరికి మొద్దు. దీపం వెలుగుతూనే ఉంటుంది, లోపల తిరుగుతున్న చప్పుడూ ఉంటుంది. కానీ కంప్యూటరు మాత్రం ప్రింటరు దొరకడం లేదంటుంది. చేతికి అందే దూరంలో ఉన్నది దొరకకపోవడం ఏమిటి?

మెట్‌పల్లి అవతలి ఇబ్రహీంపట్నం నుంచి ఒక మనిషి వచ్చాడు. మస్కట్ పోతున్నాడు. వీసా, టికెట్ కాగితాలు కావాలి, హైదరాబాద్ బస్సు బయట నిలబడి ఉంది. వనిత కంప్యూటరులోంచి ప్రింటరును తీసేసి మళ్లీ కొత్తగా జత చేస్తున్నది. అట్లా చేస్తే కాసేపటికి పలుకుతుంది, కానీ ఆ కాసేపు ఎవరు ఆగుతారు?

“అక్కా, బస్సు పోతదే.”

“ఒక్క నిమిషం అన్నా, అయితున్నది.”

“నీ నిమిషానికి నా నౌకరి పోయేటట్టున్నది” అని అతను ఎదురు సెంటరుకు ఉరికాడు. పొద్దున్నే మొదటి మనిషి, బోణీ కాకుండా మా గడప దిగి పోయాడు. అతను పోయిన తర్వాత ప్రింటరు పలికింది. పలికినందుకు ఇంకా కోపం వచ్చింది. “గిప్పుడా?” అని దాన్ని నిలబెట్టి అడిగాను. చూసేవాళ్లు చూశారు. నాకేం సిగ్గు?

నవంబర్ 10, సోమవారం

ఇవాళ పెద్ద సంతోషం, పెద్ద కోపం రెండూ ఒకే రోజు.

మెట్‌పల్లి రోడ్డు మీద బడి నడిపే సుమిత్ర మేడం షాపుకు వచ్చింది. బడి పరీక్షల పేపర్లు ప్రింటు తీయాలట. అన్ని తరగతులవి, అన్ని పరీక్షలవి. నేను మేడంకు కుర్చీ తుడిచి వేశాను, చాయ్ తెప్పించాను, నా బిడ్డ డిగ్రీ గురించి చెప్పాను. వనిత నన్ను కండ్లతో ఆపింది.

“ముందురోజు తీసిపెడుతనంటే కుదరదమ్మా” అన్నది మేడం. “పోయినేడు గట్లనే ఒక పేపర్ బయటికి పోయింది. పరీక్ష ఉన్న పొద్దున నేనే పెన్‌డ్రైవ్ పట్టుకొని వస్త. నా ముందర తియ్యాలె, కట్టలు కట్టాలె, పెన్‌డ్రైవ్ నాతోనే పోవాలె. ఇరవయ్యో తారీకు మొదటి పరీక్ష. ఆ పొద్దున మీ మిషన్ ఆగిందంటే మాత్రం ఎదురుగ ఉన్నాయనకు ఇస్త. ఏమనుకోకు.”

పొద్దున. అన్నింట్లో పొద్దునే దొరికిందా ఆమెకు?

దాని మీద మా అల్లుడు రవీందర్ ఫోను. అతను సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తాడు, ఆదివారాలు వచ్చిపోతాడు. వనితతో మాట్లాడి, నాకు ఇమ్మన్నాడు.

“మామా, గీ బడి పని నిలవడితే సరే, షాపు నడువనియ్యి. నిలవడకపోతే మాత్రం పిల్లకు బడిల టీసీ తీస్కొని ఇద్దరిని సిరిసిల్ల తోల్కపోత. ఆడ ఇంట్ల కూసొని బీడీలు జేసుకుంటది. నాతోని ఒక్కనికి వండుకొని తినుడు అయితలేదు.”

“నీ వంట కోసం నా బిడ్డ మల్ల చాట వట్టాల్నా?”

“నీ బిడ్డే గాదు మామా, నా పెండ్లాం గూడ.”

ఫోను పెట్టేశాను. కనకవ్వ అంతా విన్నది. చాట మీద దుమ్ము తుడిచింది. అది చూసి ఇంట్లోంచి బయటికి వచ్చేశాను.

నవంబర్ 11, మంగళవారం

పొద్దున పలకలేదు. ఎదురు సెంటరువాడు మా వైపు చూస్తూ చాయ్ తాగాడు. తాగిన తీరు నాకు నచ్చలేదు.

నవంబర్ 12, బుధవారం. సిరిసిల్ల

పొద్దున షాపు తెరిచిపెట్టి, అల్లుడిని నిలదీద్దామని బస్సెక్కి వచ్చాను. దారంతా ఏం అనాలో అనుకుంటూ వచ్చాను. మగ్గాల షెడ్డులోకి పోయి అన్నీ అన్నాను. ఆ మోతలో నేను అన్నది అతనికి వినబడలేదు, అతను అన్నది నాకు వినబడలేదు. చాలాసేపు ఇద్దరం నోళ్లు ఆడించాం. పక్క మగ్గం దగ్గరి మనిషి సినిమా చూసినట్టు చూశాడు. చివరికి అతనే నన్ను బయటికి తీసుకొచ్చి చాయ్ తాగించాడు.

“ఏమన్నవ్ మామా లోపల?”

“ఏం లేదు. బాగున్నవా అన్న.”

రాత్రికి ఉండిపొమ్మంటే ఉన్నాను. అతని గదిలో ఒక స్టవ్వు, ఒక గిన్నె. అన్నం అడుగంటింది. పైది నాకు పెట్టి, తాను అడుగుది గీకి తిన్నాడు. నేను జాలి పడలేదు. మగవాడు అన్నం వండటం నేర్చుకుంటే సరిపోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకని కోపమే వచ్చింది. జాలి మాత్రం పడలేదు.

నవంబర్ 13, గురువారం

మధ్యాహ్నం కోరుట్లలో బస్సు దిగగానే షాపుకు పోయాను. వనిత ముఖం వెలిగిపోతున్నది.

“బాపూ, ఇయ్యాల పొద్దున లేపంగనే పలికింది. ఏం జెయ్యలే. తీసుడు లేదు, జత జేసుడు లేదు.”

ఎంత సంతోషమంటే, వేడి మిర్చి బజ్జీలు తెచ్చి షాపులో ఉన్నవాళ్లందరికీ పెట్టాను. ప్రింటరుకు బుద్ధి వచ్చింది. మొన్న నేను తిట్టినందుకే వచ్చింది, ఇంకెందుకు వస్తుంది? సాయంత్రం షాపు రోజూకన్నా శుభ్రంగా ఊడ్చాను. మెయిన్ దించి తాళం వేసి వచ్చాను.

నవంబర్ 14, శుక్రవారం

చచ్చింది. మళ్లీ చచ్చింది.

రాయాల్సింది అది కాదు. రాయకపోతే నాకు ఊపిరి ఆడదు. షాపులో నలుగురు నిలబడి ఉన్నారు. వనిత తెర వైపు చూస్తూ ఉండి ఉండి అన్నది.

“బాపూ, నువ్వు లేన్నాడు మంచిగనే నడిచింది.”

అందరి ముందర అన్నది. ఒకాయన నవ్వి, “పెద్దగౌడ్ చెయ్యి వడ్డదన్నట్టు” అన్నాడు.

నా చెయ్యి. బీర్పూర్ నుంచి మల్యాల దాకా కల్లు గీతకు తాటిచెట్లెక్కిన గౌండ్లవాళ్లను అడగండి ఈ ఎల్లేశం చెయ్యి ఎట్లాంటిదో. ఎవరికీ కల్లు పారని చెట్టుకు మొదటి కోత నాతో వేయించేవాళ్లు. ఎల్లేశం చెయ్యి పడితే కల్లు లొట్టి నిండుతుందని మనిషిని పంపి పిలిపించేవాళ్లు. కాళ్లు మొరాయించి చెట్లెక్కే మోకు దింపిన రోజున మా వాడలోవాళ్లు వచ్చి, చెట్లన్నీ ఎండిపోయినట్టుందని బాధపడ్డారు. ఆ చెయ్యి ఇవాళ నా కన్నబిడ్డకు పనికిమాలినది అయింది. ఒక డబ్బా కోసం అయింది.

తాళంచెవి టేబుల్ మీద విసిరేసి వచ్చాను. వెనక నుంచి వనిత పిలిచింది. బస్టాండు చప్పుడులో నాకు వినబడలేదు. వినబడినా తిరిగేవాణ్ని కాదు.

నవంబర్ 15, శనివారం

షాపుకు పోలేదు. పొద్దున నడిచిందట. కనకవ్వ చెప్పింది.

నవంబర్ 16, ఆదివారం

ఇవాళ కూడా నడిచిందట. మంచిదే కదా. నేను కోరుకున్నది అదే కదా. నాకు కోపం లేదు.

రవీందర్ వచ్చాడు. భోజనం దగ్గర నాతో మాట కలపాలని చూశాడు. కలపలేదు. వనిత రెండుసార్లు నా దగ్గరికి వచ్చి, “బాపూ, ఒక్క ముచ్చటడుగుత” అన్నది. నిద్ర వస్తున్నదని చెప్పి గోడ వైపు తిరిగాను. పట్టపగలు. కోపం లేదు, నిజంగానే నిద్ర వచ్చింది.

నవంబర్ 17, సోమవారం. జగిత్యాల

పొద్దున నడిచిందని తెలిసిన తర్వాతే బయలుదేరాను. నాతోపాటు తాటిచెట్లెక్కిన కొమురయ్య బావ ఇప్పుడు జగిత్యాలలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. అతని దగ్గరికి వచ్చేశాను. ఇరవయ్యో తారీకు దాటే దాకా ఇక్కడే ఉంటాను. ఆ పొద్దున నా నీడ కూడా ఆ సందులో పడకూడదు. నా చెయ్యి అట్లాంటిదైతే అట్లాంటిదే. బిడ్డ చాట పట్టడం కన్నా నేను దూరంగా ఉండటం మంచిది. ఈ మాట కనకవ్వకు చెప్పలేదు, బావకు చెప్పాను.

బావ అంతా విని, “ఎల్లేశం, నీ చెయ్యి తాటిచెట్టుకు బాగనే వడ్తుండె. గా ప్రింటర్‌కు కల్లు లేదేమో మరి” అన్నాడు.

ఇతని దగ్గరికి ఎందుకు వచ్చానా అనిపించింది.

నవంబర్ 18, మంగళవారం. జగిత్యాల

వనిత వచ్చింది. షాపు మూసి, బస్సెక్కి, కొమురయ్య బావ ఇల్లు అడుక్కుంటూ వచ్చింది. వచ్చీ రాగానే నేనే అందుకున్నాను.

“షాపు మూసి తిరుగుతర? బోర్డు కట్టింది మూసిపెట్టెటందుకా?”

“నువ్వెందుకు పారిపోయినవో అడుగుదామని అచ్చిన.”

“నా చెయ్యి మంచిది గాదని నలుగుట్ల నువ్వే అంటివి.”

“నేనెప్పుడన్న? నువ్వు లేన్నాడు నడిచిందన్న. ఎందుకు నడిచిందో దెలుసుకోవాలె గదా, అందుకన్న. అడుగుదామంటే తాళంచెవి ఇసిరికొట్టి పోతివి. ఇంట్ల అడుగుదామంటే పట్టపగలు గోడ మొకాన తిరిగి పంటివి.” గుక్క తిప్పుకోకుండా అన్నది. కండ్లు ఎర్రగా ఉన్నాయి. “నీ చెయ్యి గురించి నాకెవరు జెప్పాలె బాపూ? నీ చెయ్యి పట్టుకునే గదా బడికి పోయింది.”

కోపం ఉన్నది కానీ దాన్ని ఎటు తిప్పాలో తెలియలేదు.

“ఇప్పుడు జెప్పు. సాయంత్రం షాపు మూసేటప్పుడు నువ్వు ఏమేం జేస్తవ్? ఒక్కటి ఇడువకుంట జెప్పు.”

“ఏం జేస్త? ఊడుస్త. కుర్చీలు ఎత్తి పెడుత. ఇన్వర్టర్ ఆపుత, మెయిన్ దించుత, షట్టర్ గుంజుత.”

“మెయిన్ దించుతవా? రోజూనా?”

“దించకపోతే? రాత్రి వైర్లు కాలి షాపంతా బూడిదైతే నీ అత్తగారిస్తరా?”

వనిత బావ మంచం మీద కూలబడి నవ్వటం మొదలుపెట్టింది. కండ్లల్లోంచి నీళ్లు కారుతుండగా నవ్వింది. ఏమీ అర్థం కాకపోయినా బావ కూడా కలిసి నవ్వాడు. నేను ఇంత బాధపడి ఊరు విడిచి వస్తే వీళ్లకు నవ్వులాట.

తర్వాత సృజన మేడంకు ఫోను చేసి మాట్లాడింది. మాట్లాడిన తర్వాత నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది.

“బాపూ, ఎక్సైజోళ్లు తాటిచెట్లకు నంబర్లేస్తరు గదా. గట్లనే మన ఇంటర్నెట్ డబ్బా షాపుల ఉన్న ఒక్కొక్క మిషన్‌కు ఒక్కొక్క నంబర్ ఇస్తది. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంటది, దానికేం గాదు. నువ్వు మెయినూ ఇన్వర్టరూ రెండు ఆపినవనుకో, అది అన్ని మరిసిపోతది. పొద్దున లేవంగనే ముందెవరు కనవడితే వాళ్లకు మల్ల మొదటి నుంచి నంబర్లు పంచుతది. ప్రింటర్‌కు కొత్త నంబర్ అస్తది. నా కంప్యూటరేమో నిన్నటి నంబర్ కాడికే పోయి తలుపు గొడుతది.”

నాకు తెలిసిపోయింది. “రాత్రికి రాత్రి నంబర్లు మార్చి రాస్తే, కొత్తగ పనికచ్చినోడు పొద్దున ఎవని తాటిచెట్టో ఎక్కుతడు.”

“ఎక్కి?”

“తన్నులు తింటడు.”

“గదే నాయన, రోజు పొద్దున నేను తింటున్న” అన్నది.

నా చెయ్యి బాగానే ఉంది. దానికేమీ కాలేదు. నాకు మొదటి నుంచీ తెలుసు. కానీ ఆ మేడం ఈ సంగతి మొదటి రోజే చెప్పి ఉండాల్సింది, ఆ డబ్బా చేసినవాడు దానికి కాస్త జ్ఞాపకశక్తి పెట్టాల్సింది, మెయిన్ దించవద్దని షాపులో ఎవరైనా ఒక కాగితం అంటించాల్సింది. వీళ్లందరి మీదా నాకు కోపం వచ్చింది. బస్సులో బిడ్డ పక్క సీట్లో కూర్చుని కోరుట్ల దాకా ఆ కోపంతోనే వచ్చాను. అంత మంచి ప్రయాణం ఈ మధ్య చేయలేదు.

నవంబర్ 19, బుధవారం

వనిత పొద్దున ప్రింటరు మీదున్న మీటలు నొక్కి, లోపలెక్కడో దానికి ఒక నంబరు ఖాయం చేసింది. డబ్బా ఎవరికి ఏ నంబరు పంచినా ప్రింటరుది ఇక మారదట. ముగ్గురు కంప్యూటర్లకూ ఆ నంబరే చెప్పింది. మూడు అని రాయాలి. ముగ్గురు అని వచ్చేసింది, ఉండనీ.

“ఇప్పుడు ఇన్వర్టర్ ఆపి మెయిన్ దించు బాపూ” అన్నది.

“నేను దించ.”

“దించితేనే తెలుస్తది.”

“రేపు పరీక్ష పెట్టుకొని ఇయ్యాల ఆటలాడుతవా? నడుస్తున్నదాన్ని నడువనియ్యి.”

“ఎన్నొద్దులు భయపడుకుంట నడుపుదాం? రేపు రాత్రి కరెంటు పోయి ఇన్వర్టర్ దిగితే? ఎల్లుండి?”

దించాను. ఎత్తాను. వనిత పంపింది. కాగితం వచ్చింది. అయినా నమ్మబుద్ధి కాలేదు. పగలు అది ఎప్పుడూ మంచిదే, దాని దుర్మార్గమంతా పొద్దునే. సాయంత్రం వనిత ఇంటికి పోతూ, “ఎప్పటి లెక్కనే మూసి రా బాపూ” అని నా మీద వదిలేసి పోయింది. మెయిన్ ముందు చాలాసేపు నిలబడ్డాను. దించకుండా రావచ్చు. ఎవరికీ తెలియదు. కానీ బిడ్డ చేసిన పని మీద నాకు నమ్మకం లేదని నాకు తెలుస్తుంది. ఆ దిక్కుమాలిన మెయిన్‌ను తిట్టుకుంటూ దించాను.

నవంబర్ 20, గురువారం

సుమిత్ర మేడం చీకటి విడవకముందే వచ్చింది. పెన్‌డ్రైవ్ కొంగున ముడి వేసుకుని వచ్చింది, మమ్మల్ని దొంగలన్నట్టు. కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకుంది. నేను మెయిన్ ఎత్తి బయటికి వచ్చి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. ఎదురు సెంటరువాడు ఇవాళ ముందే షట్టరు లేపి పెట్టుకున్నాడు. వాడి ఆశ వాడి ముఖంలోనే కనబడుతున్నది.

లోపల చప్పుడు లేదు. ఇంకా లేదు. ప్రింటరు వేడెక్కడానికి కొంచెంసేపు పడుతుందని నాకు తెలుసు, తెలిసీ దాన్ని మనసులో అనరాని మాటలన్నాను. అప్పుడు గర్రుమన్నది. తర్వాత ఇక ఆగలేదు. కాగితం వెనక కాగితం వస్తున్న చప్పుడు. నేను తిరిగి చూడలేదు. రోడ్డు అంతా నాకు నీళ్లల్లో ఉన్నట్టు కనబడింది.

లోపలికి పోయేసరికి వనిత కట్టలు కడుతున్నది. ఒక్కొక్క తరగతికి కాగితాలు వేళ్లతోనే తడిమి విడదీసి, దారం చుట్టి, ఒక్క మెలికతో ముడి వేస్తున్నది. బీడీ కట్టలు కట్టిన వేళ్లు. మేడం ఒక కట్ట విప్పి లెక్క పెట్టింది. సరిపోయింది. ఇంకొకటి విప్పింది. సరిపోయింది. మూడోది విప్పబోయి మానుకుంది.

“రేపు లెక్కల పేపర్ ఉన్నది. ఇదే టైంకు వస్త” అన్నది.

మంచిదమ్మా అని ఒక్క మాట అంటే ఆమె సొమ్మేం పోతుంది? నా బిడ్డను మెచ్చుకోని మనిషి మీద నాకు ఎంత కోపం వచ్చిందో. ఆటో దాకా ఆమె కట్టలు నేనే మోశాను.

నవంబర్ 23, ఆదివారం

రవీందర్ వచ్చాడు. అతనితో అనాల్సినవి నేను వారమంతా వరుసగా పెట్టుకున్నాను. పిల్ల బడి సంగతి, చాట సంగతి, ఆడపిల్ల చదువు సంగతి. మొదలుపెట్టే ముందే అతను షాపులో వనిత వెనక కుర్చీలో కూర్చుని, పని చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. ఇంకో బడివాళ్లు కూడా వచ్చి అడిగి పోయారు. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు.

“టీసీ వద్దు మామా. ఈడనే ఉండనియ్యి.”

“మరి నీ వంట?”

“ఆదివారమే గాకుంట బుధవారం గూడ అస్త. మా సేటును అడిగిన. నువ్వు గుర్రుమనకుంట ఇంత అన్నం వెట్టిస్తే సాలు.”

నేను పెట్టుకున్న మాటలన్నీ నాలోనే ఉండిపోయాయి. ఒక్కటీ వాడనియ్యలేదు. ఇట్లా ఒకేసారి మంచివాడైపోతే మనిషి ఏం చేయాలి? “బుధవారమొక్కనాడే ఎందుకు, శుక్రవారం రావద్దన్ననా?” అని కసిరాను. కనకవ్వ అతనికి ఇంకో ముద్ద అన్నం వేసింది.

డిసెంబర్ 4, గురువారం

ఇవాళ నాకు వచ్చిన కోపం ఈ డైరీలో ఇంతవరకూ రాయలేదు.

ఏదో పనికి దరఖాస్తులట, పొద్దున్నుంచి జనం. షాపులో పట్టక సందులోకి నిలబడ్డారు. వనిత తల ఎత్తడం లేదు. నేను ఎప్పటిలాగే లోపలికి పోయి నా కుర్చీ వేసుకుందామని చూస్తే కుర్చీ లేదు, ఎవరో కూర్చున్నారు. వనిత పక్కకు పోయి, “బిడ్డా, తిన్నవా” అన్నాను. అంతే అన్నాను.

“లైన్ల రా బాపూ, జెర” అన్నది. నా వైపు చూడకుండా అన్నది.

బోర్డుకు పేరు పెట్టినవాణ్ని. ఆ పేరు పెట్టకముందు ఆ బిడ్డకే పేరు పెట్టినవాణ్ని. లైనులో రమ్మంటుందా? జనమంతా నన్ను చూస్తున్నారు. ఒకాయన, “తాతా, మేమందరం నిలవడ్డం గదా” అన్నాడు. ఒళ్లు భగ్గుమంటుండగా బయటికి వచ్చి, సందు మలుపు దాకా నడిచి, లైను చివర నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో, నా వంతు వస్తే ఏం అడగాలో నాకే తెలియదు. కోపంతో వెనక్కి తిరిగాను.

నా వెనక అప్పటికే ఇంకో ఇద్దరు వచ్చి నిలబడి ఉన్నారు.